గ్రీన్ కార్డ్ పెండింగ్‌లో ఉండగా ఇండియా టికెట్ కొనేవాళ్ళకు

ఇక్కడ అమెరికాలో మా అపార్ట్‌మెంట్స్‌లో ఒక నెల్లూరు తమ్ముడు ఉండేవాడు. విజిటర్ వీసా మీద పెదనాన్నగారింటికి వచ్చాడు. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయితో సంబంధం కుదిరింది, పెళ్ళయింది, గ్రీన్ కార్డ్‌కి అప్లై చేశారు. పోయిన శ్రావణంలో చెల్లెలి పెళ్ళి వచ్చింది. పాస్‌పోర్ట్‌లో పదేళ్ళ వీసా ఉందిగా అన్న ధీమాతో విమానం ఎక్కేశాడు. తిరిగి వస్తుంటే అబుదాబిలోనే ఆపేశారు. అమెరికా ఇమిగ్రేషన్ చెకింగ్ అక్కడే జరుగుతుంది కదా. భార్య అమెరికాలో ఉంది, గ్రీన్ కార్డ్‌కి అప్లై చేశావు, మరి విజిటర్‌వి ఎలా అవుతావు అని అడిగితే ఏం చెప్తాడు? ఇప్పుడు అతను నెల్లూరులో, ఆ అమ్మాయి న్యూజెర్సీలో.

ఇలాంటిది ఇంకొకరికి జరగకూడదని రాస్తున్నాను. నేనూ బి-2, అంటే విజిటర్ వీసా మీద అక్క దగ్గరికి వచ్చి, ఇక్కడే పెళ్ళి చేసుకుని ఉండిపోయినదాన్నే. ఏ ఫారంలో ఏ గడి నింపాలో చెప్పను. ప్రతి ఫారంతోపాటు సూచనలు ఇస్తారు, కూర్చుని చదవండి.

ముందు ఒక్క విషయం తేల్చుకోండి: మీరు పెళ్ళి చేసుకుంటున్నది సిటిజన్‌నా, గ్రీన్ కార్డ్ ఉన్నవారినా? సిటిజన్ అయితే క్యూ లేదు, ఐ-130 (మీ కోసం వాళ్ళు వేసే పిటిషన్), ఐ-485 (మీరు వేసే గ్రీన్ కార్డ్ అప్లికేషన్) ఒకేసారి వేయొచ్చు. సరిగ్గా చెక్ అయ్యి దేశంలోకి వచ్చినవాళ్ళయితే, గడువు దాటిపోయినా ఆ ఒక్క కారణంతో అప్లికేషన్ కొట్టేయరు. గ్రీన్ కార్డ్ వాళ్ళని చేసుకుంటే మాత్రం ఈ వెసులుబాటు లేదు. ఆ కేటగిరీలో వీసా నంబర్, అంటే క్యూలో మీ వంతు, రావాలి, అప్పటిదాకా మీ స్టేటస్ చెడకుండా ఉండాలి. ఆరు నెలల విజిటర్ గడువులో అది కుదరడం చాలా కష్టం. కాబట్టి కింద రాసేదంతా సిటిజన్‌ని చేసుకున్నవాళ్ళ గురించే.

ఇండియాలోనే ముహూర్తం పెట్టుకుని, పెట్టెలో పట్టుచీరలు సర్దుకుని, ఎయిర్‌పోర్ట్‌లో ఆఫీసర్ అడిగితే "ఊరు చూడ్డానికి వచ్చాను" అని చెప్పేవాళ్ళున్నారు. దయచేసి అలా చేయకండి. గడువు దాటి ఉంటే క్షమించే చట్టం, అబద్ధాన్ని అంత తేలిగ్గా వదలదు. ఆఫీసర్‌తో అబద్ధం చెప్పి లోపలికి వచ్చారని తేలితే జీవితాంతం వెంటాడుతుంది, దానికి విడిగా వేవర్, అంటే మాఫీ, తెచ్చుకోవాలి. దిగిన 90 రోజుల్లోపు పెళ్ళి చేసుకుని ఉండిపోతే అనుమానంగా చూడాలని విదేశాంగ శాఖ వాళ్ళకు 2017 నుంచి ఒక నియమం ఉంది. గ్రీన్ కార్డ్ ఇచ్చే యూఎస్‌సీఐఎస్ దానికి కట్టుబడి లేదు. అయినా వచ్చినప్పుడు మీ ఉద్దేశం ఏమిటో వాళ్ళూ అడుగుతారు. నిజంగా ఇక్కడికి వచ్చాకే సంబంధం కుదిరి ఉంటే భయం లేదు, జరిగింది జరిగినట్టు చెప్పండి.

బ్రిడ్జ్‌వాటర్ బాలాజీ గుడిలో తాళి కట్టించుకున్నంత మాత్రాన సరిపోదు. ముందు మ్యారేజ్ లైసెన్స్ ఉండాలి. న్యూజెర్సీలో అప్లై చేశాక 72 గంటలు ఆగాలి, కాలిఫోర్నియాలో ఆ ఆగడం లేదు. పంతులుగారు లైసెన్స్ మీద సంతకం చేసి వెనక్కి పంపాక, సర్టిఫైడ్ కాపీ నాలుగైనా తీసుకోండి.

బర్త్ సర్టిఫికెట్ దగ్గర మనవాళ్ళంతా ఇరుక్కుంటారు. నాది తీసి చూస్తే పేరు ఉండాల్సిన చోట ఖాళీ, అమ్మ పేరు దగ్గర ఇంట్లో పిలిచే పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్ట్‌లో అదే పూర్తిగా. అప్లికేషన్ చూసేవాళ్ళకి ఇవన్నీ వేర్వేరు మనుషుల్లా కనిపిస్తాయి. ఇంట్లో ఎవరినైనా మున్సిపాలిటీకో పంచాయతీకో పంపించి పేరు ఎక్కించిన కాపీ తెప్పించుకోండి. రికార్డే లేదంటే లేదని రాసిన సర్టిఫికెట్ తీసుకుని, దానికి తోడు అమ్మానాన్నల అఫిడవిట్లు, టెన్త్ మెమో పెట్టండి. మెడికల్ ఫారం ఐ-693 కూడా 2024 డిసెంబరు నుంచి ఐ-485తో పాటే పెట్టాలి. తర్వాత ఇస్తాంలే అంటే కుదరదు.

ఇక అసలు సంగతి. ఐ-485 పెండింగ్‌లో ఉన్నప్పుడు అడ్వాన్స్ పెరోల్ (బయటికి వెళ్ళి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి పత్రం) చేతికి రాకుండా దేశం దాటితే, ఆ అప్లికేషన్‌ని మీరే వదిలేసుకున్నట్టు లెక్క. పాస్‌పోర్ట్‌లో ఉన్న పదేళ్ళ వీసా ఇక్కడ ఎందుకూ పనికిరాదు. ఇక్కడే ఉండిపోతానని సంతకం పెట్టి ఇచ్చినవాళ్ళు మళ్ళీ విజిటర్‌గా రాలేరు. అడ్వాన్స్ పెరోల్‌కి అప్లై చేసిన రసీదు ఉంటే చాలు అనుకుంటారు, చాలదు. అది అప్రూవ్ అవ్వాలి, డాక్యుమెంట్ చేతిలో ఉండాలి, ఆ తర్వాతే టికెట్.

"మా ఫ్రెండ్ వెళ్ళొచ్చింది, ఏమీ కాలేదు" అని నాతో ఎంతమంది వాదించారో! అడిగి చూడండి, ఆ ఫ్రెండ్ హెచ్-1 మీదో హెచ్-4 మీదో ఉండి ఉంటుంది. హెచ్, ఎల్ అనే ఉద్యోగ వీసాల వాళ్ళకి, వాళ్ళ మీద ఆధారపడి వచ్చినవాళ్ళకి మినహాయింపు ఉంది. విజిటర్‌గా వచ్చిన మీకు లేదు. మన చుట్టూ ఉన్నవాళ్ళలో హెచ్ వీసాల వాళ్ళే ఎక్కువ కాబట్టి, మనకొచ్చే సలహాలన్నీ వాళ్ళకి జరిగినవే.

అడ్వాన్స్ పెరోల్‌కి వేసే ఫారం ఐ-131. దాని మీద ఇంకో పాత సలహా, "ఐ-131 దాంట్లోనే వచ్చేస్తుంది, విడిగా ఏం అక్కర్లేదు" అనేది. 2024 ఏప్రిల్‌కి ముందు అది నిజం. ఐ-485 ఫీజులోనే వర్క్ పర్మిట్, అడ్వాన్స్ పెరోల్ రెండూ కలిసి ఉండేవి. అప్పటి నుంచి ఐ-485కి 1,440 డాలర్లు, ఐ-131కి విడిగా 630 పెట్టారు. ఫీజులు మారుతుంటాయి, వేసే రోజున యూఎస్‌సీఐఎస్ సైట్‌లో చూసుకోండి. ఆ డబ్బు మిగుల్తుంది కదా అని చాలామంది ఐ-131 వేయడం లేదు. "ఇప్పుడు ఇండియా వెళ్ళే పనేముంది" అంటారు. వెళ్ళే పని మనకు చెప్పి రాదు.

నేను అప్లై చేసిన ఏడాది చలికాలం. వర్క్ పర్మిట్ రాలేదు, డ్రైవింగ్ లైసెన్స్ లేదు, ఈయన ఆఫీసుకి వెళ్తే పగలంతా నేనూ, హీటర్ చప్పుడూ. అడ్వాన్స్ పెరోల్ కోసం ఎదురుచూస్తుండగానే ఖమ్మంలో అమ్మమ్మ పోయింది. అర్ధరాత్రి మామయ్య వీడియో కాల్ చేసి ఫోన్ అరుగు మీద నిలబెట్టాడు. వాకిట్లో జనం కాళ్ళే కనబడుతున్నాయి. ఎవరో "ఫోన్ కొంచెం పైకెత్తరా, పిల్ల చూస్తోంది" అన్నారు. ఒక్కసారి అమ్మమ్మ మొహం, నుదుట పసుపు కనిపించాయి, సిగ్నల్ పోయింది. పెద్దకర్మకి కూడా వెళ్ళలేదు. నన్ను పెంచిన మనిషి ఆవిడ. ఆ బాధ ఎలాంటిదో తెలిసే, వెళ్ళొద్దని మీకు ఇంత గట్టిగా చెప్తున్నాను.

అలాంటి కబురు వస్తే చేయాల్సిన పని ఒకటుంది, అప్పట్లో నాకెవరూ చెప్పలేదు. యూఎస్‌సీఐఎస్ కాంటాక్ట్ సెంటర్‌కి ఫోన్ చేసి ఎమర్జెన్సీ అడ్వాన్స్ పెరోల్ అడగండి. దగ్గర్లో ఉన్న ఫీల్డ్ ఆఫీసులో అపాయింట్‌మెంట్ ఇస్తే ఐ-131, ఫొటోలు, ఫీజు, హాస్పిటల్ లెటరో డెత్ సర్టిఫికెటో పట్టుకెళ్ళాలి. తెలుగులో ఉన్న కాగితానికి ఇంగ్లీష్ అనువాదం తప్పనిసరి. ఇస్తారన్న గ్యారంటీ లేదు, కానీ అడగకుండా విమానం ఎక్కకండి.

ఐ-94 (దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే ఎంట్రీ రికార్డు) గడువు దాటాక అప్లై చేసినవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 180 రోజులకు మించి అక్రమంగా ఉండి వెళ్ళిపోతే మూడేళ్ళు, ఏడాది పైన అయితే పదేళ్ళు మళ్ళీ రానివ్వరు. అడ్వాన్స్ పెరోల్ మీద వెళ్తే అది వర్తించదని 2012లో ఇమిగ్రేషన్ అప్పీళ్ళ బోర్డు తీర్పు ఇచ్చింది. అయినా మీ కేసు లాయర్‌కి చూపించకుండా కదలొద్దు. అందుకే ఐ-94 తేదీ దాటకముందే ఐ-485 వేసేయండి. పాస్‌పోర్ట్‌లో వీసా తేదీ చూసుకుని నిశ్చింతగా ఉండేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది. ఎన్నాళ్ళు ఉండొచ్చో చెప్పేది ఐ-94.

ఇంతా చెప్పి భయపెట్టాను కాబట్టి ఇదీ చెప్పాలి. పెళ్ళి నిజమైనదై, కాగితాలు సరిగా ఉంటే, ఇది జరగని పని కాదు. అద్దె అగ్రిమెంట్, బ్యాంక్ అకౌంట్, ఇన్సూరెన్స్ ఇద్దరి పేర్ల మీదా పెట్టుకోండి. సిటిజన్ అయిన మీ భర్త లేదా భార్య జీతం సరిపోకపోతే జాయింట్ స్పాన్సర్‌ని (ఆర్థికంగా తోడు పూచీ ఇచ్చే ఇంకొకరిని) పెట్టుకోవచ్చు. ఇంటర్వ్యూలో మమ్మల్ని "మీరిద్దరూ ఎక్కడ కలిశారు, ఎవరెవరు పెళ్ళికి వచ్చారు" అని అడిగారు, ఫొటోలు తిప్పి చూశారు, అంతే. నెల్లూరు తమ్ముడికీ దారి మూసుకుపోలేదు. ఐ-485 పోయింది కానీ ఐ-130 బతికే ఉంది. అది అప్రూవ్ అయ్యాక ముంబై కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి వెళ్తాడు. గడువులోపే అప్లై చేశాడు కాబట్టి ఆ మూడేళ్ళ బ్యాన్ కూడా అతనికి లేదు. ఆలస్యమవుతుంది, అయినా వస్తాడు.

కార్డ్ వచ్చేనాటికి పెళ్ళయి రెండేళ్ళు నిండకపోతే, రెండేళ్ళ కార్డే ఇస్తారు. దాని గడువు ముగిసేముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి, ఆ రెండేళ్ళ షరతు తీసేయమని అడిగే ఐ-751 ఫారం వేయాలి. కార్డ్ వచ్చిన రోజే ఆ తేదీ ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి.