లైను తెగినా ఆగని నెట్‌వర్క్: రెండు రౌటర్లతో వీఆర్‌ఆర్‌పీ అమరిక

కార్యాలయంలో ఇంటర్నెట్ ఆగకూడదని రెండు కనెక్షన్లు పెట్టించుకునేవారు చాలామందే ఉన్నారు. కానీ మొదటి లైను పోయిన ప్రతిసారీ ఎవరో వచ్చి కేబులు మార్చవలసి వస్తే, రెండో కనెక్షన్ ఉన్న ప్రయోజనం పూర్తిగా దక్కనట్టే. ఆ మార్పు దానంతటదే జరగడానికి ఉపయోగపడేది వీఆర్‌ఆర్‌పీ (వర్చువల్ రౌటర్ రిడండెన్సీ ప్రోటోకాల్), అంటే ఒక రౌటర్ ఆగితే మరొకటి దాని స్థానాన్ని తీసుకునేందుకు రౌటర్లు పాటించే నియమావళి. 1998లో తొలిసారి సాంకేతిక ప్రమాణంగా వెలువడిన ఈ ప్రోటోకాల్ పేరున్న రౌటర్లలో చాలావాటిలో లభిస్తుంది. ఇక్కడ ఒక్కో కనెక్షన్‌కు ఒక్కటి చొప్పున రెండు లైనక్స్ రౌటర్లు పెట్టి, వాటిపై ఈ ప్రోటోకాల్‌ను నడిపే కీప్‌అలైవ్‌డీ సాఫ్ట్‌వేర్‌తో అమర్చే పద్ధతిని వివరిస్తున్నాను.

ముందుగా తీగల సంగతి చూడాలి. మన ఊళ్లలో వేర్వేరు కంపెనీల ఫైబర్ కేబుళ్లు తరచు ఒకే కరెంటు స్తంభం మీదుగా వస్తాయి కాబట్టి, స్తంభం పడితే రెండూ ఒకేసారి పోతాయి. ఒకటి ఫైబర్, మరొకటి వైర్‌లెస్ లేదా వేరే వీధి వైపు నుంచి వచ్చే లైను అయితే మేలు. రెండు రౌటర్లనూ ఒకే యూపీఎస్‌కు తగిలించకూడదు.

ఇప్పుడు చిరునామాలు. మొదటి రౌటర్‌కు 192.168.10.2, రెండోదానికి 192.168.10.3 ఇచ్చి, 192.168.10.1ను రెండింటిలో ఏది పనిలో ఉంటే అది ధరించే ఉమ్మడి చిరునామాగా ఉంచాలి. కంప్యూటర్లన్నింటికీ గేట్‌వేగా, అంటే బయటికి వెళ్లే ద్వారంగా, ఈ ఉమ్మడి చిరునామానే డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకు చిరునామాలు పంచే సేవ) ద్వారా అందించాలి. డీహెచ్‌సీపీ, డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ పేర్లను చిరునామాలుగా మార్చేది) సేవలు మొదటి రౌటర్‌లోనే ఉంటే, అది ఆగినప్పుడు అవీ ఆగుతాయి కనుక రెండోదానిలోనూ ఏర్పాటు చేయాలి.

కీప్‌అలైవ్‌డీ అమరికలో రెండు రౌటర్లకూ ఒకే గ్రూపు సంఖ్య ఇచ్చి, ప్రాధాన్యాన్ని మొదటిదానికి 150, రెండోదానికి 100 పెట్టండి; ఎక్కువ సంఖ్య ఉన్నదే పనిలో ఉంటుంది. పనిలో ఉన్న రౌటర్ సెకనుకొకసారి 224.0.0.18 అనే మల్టీకాస్ట్ (ఒకేసారి పలు పరికరాలకు చేరే) చిరునామాకు తన ఉనికిని ప్రకటిస్తూ ఉంటుంది. మూడు సెకన్లు, దానిపై ప్రాధాన్యాన్ని బట్టి వచ్చే కొద్దిపాటి గడువు, మన లెక్కలో మొత్తం 3.6 సెకన్లు ఆ ప్రకటన వినిపించకపోతే రెండో రౌటర్ ఉమ్మడి చిరునామాను తీసుకుంటుంది. ఈ ప్రకటనలు ఐపీ ప్రోటోకాల్ సంఖ్య 112పై నడుస్తాయి. ఫైర్‌వాల్‌లో దానిని అనుమతించకపోతే రెండు రౌటర్లూ తామే ప్రధానమని భావించి ఒకే చిరునామాను పట్టుకుంటాయి, నెట్‌వర్క్ అంతా అస్తవ్యస్తమవుతుంది.

ఇంతవరకు చేసి ఆపేస్తే అసలు సమస్య అలాగే మిగిలిపోతుంది. రౌటర్ పెట్టె చెడిపోవడం అరుదు, తెగేది బయటి లైను. లోపలి వైపు ప్రకటనలు మాత్రం యథావిధిగా సాగుతాయి కాబట్టి, లైను చచ్చిన రౌటరే గేట్‌వేగా కూర్చుంటుంది. అందుకే లైనును పరీక్షించే స్క్రిప్టు తప్పనిసరి. అది 8.8.8.8, 1.1.1.1 వంటి రెండు దూరపు చిరునామాలకు తన సొంత లైను గుండానే పింగ్ చేసి, అంటే చిన్న సంకేతం పంపి జవాబు వస్తుందేమో చూసి, రెండూ పలకనప్పుడే విఫలమైనట్టు చెప్పాలి. రెండు సెకన్లకొకసారి నడిపి, వరుసగా మూడుసార్లు విఫలమైతే ప్రాధాన్యంలో 60 తగ్గేలా పెట్టండి. 150 కాస్తా 90 అయి, రెండోదాని 100 కంటే కిందికి వస్తుంది. ఈ తగ్గింపును 40గా పెడితే 110 మిగులుతుంది, మార్పు జరగనే జరగదు; ఈ చిన్న లెక్కను తప్పక సరిచూసుకోండి. రెండో రౌటర్‌లోనూ ఇదే స్క్రిప్టు పెడితే, రెండు లైన్లూ పోయినప్పుడు 90, 40గా నిలిచి కనీసం గేట్‌వే చిరునామా ఒకచోట బతికి ఉంటుంది.

లైను ఊగిసలాడితే పగ్గాలు అటూ ఇటూ మారుతూ ఉండటం మరో బాధ. ఎక్కువ ప్రాధాన్యం ఉన్న రౌటర్ పగ్గాలను లాక్కోవడాన్ని పూర్తిగా నిషేధించే ఐచ్ఛికం ఉంది గానీ, దానిని రెండో రౌటర్‌లో పెడితే మొదటిదాని ప్రాధాన్యం తగ్గినా రెండోది ముందుకు రాదు. వరుసగా ముప్పైసార్లు పింగ్ విజయవంతమైతేనే, అంటే ఒక నిమిషం లైను నిలకడగా ఉంటేనే, కోలుకున్నట్టు లెక్కించమని స్క్రిప్టు అమరికలో చెప్పడమే నా దృష్టిలో మెరుగైన మార్గం.

పరీక్షించేటప్పుడు రౌటర్ స్విచ్ ఆపి చూస్తే చాలదు. ఒక ల్యాప్‌టాప్‌లో బయటికి పింగ్ ఆగకుండా నడుస్తుండగా, రౌటర్‌ను అలాగే ఉంచి మోడెమ్‌లోని ఫైబర్‌ను ఊడదీయండి. సుమారు పది సెకన్లలో పింగ్ తిరిగి పలకాలి. బయటి చిరునామా మారుతుంది కనుక అప్పటికే సాగుతున్న వీడియో కాల్స్, వీపీఎన్ సెషన్లు తెగి మళ్లీ కలుస్తాయని కార్యాలయంలోని వారికి ముందే చెప్పి ఉంచడం మంచిది.

చివరిగా, ప్రధాన పాత్ర మారిన ప్రతిసారీ నడిచే నోటిఫై స్క్రిప్టు ద్వారా మీకు మెయిల్ గానీ సందేశం గానీ అందేలా చూసుకోండి, ఆ సందేశం పనిచేస్తున్న లైను మీదుగానే వెళ్లేలా జాగ్రత్తపడండి. మార్పు సాఫీగా జరిగిపోతే మొదటి లైను పోయిన సంగతే ఎవరికీ తెలియదు, రెండోదీ పోయేదాకా ఫిర్యాదు నమోదే కాదు.