కంటి ముందు నల్ల చుక్కలు: ఎప్పుడు ఊరుకోవచ్చు, ఎప్పుడు పరుగెత్తాలి

తెల్లగోడనో ఆకాశాన్నో చూస్తున్నప్పుడు కంటి ముందు దోమలు, దారప్పోగుల్లాంటివి కదలడం చాలామందికి అనుభవమే. కన్ను తిప్పితే అవీ జరుగుతాయి, కన్ను ఆగితే మెల్లగా జారిపోతాయి. డాక్టర్లు వీటిని ఫ్లోటర్స్ అంటారు. ఏళ్ల తరబడి అవే రెండు మూడు కనిపిస్తుంటే కంగారు లేదు. నిన్న లేనివి ఇవాళ గుంపుగా వస్తే మాత్రం రేపటిదాకా ఆగకండి.

కంటిగుడ్డు లోపల సుమారు 4 మిల్లీలీటర్ల విట్రియస్ జెల్ ఉంటుంది. వయసుతో అది పలచబడి, అందులోని సన్నటి పోగులు ఉండలు కడతాయి. వాటి నీడ కంటి వెనక భాగంలో చూపునిచ్చే పొర, అంటే రెటీనా మీద పడి చుక్కలా కనిపిస్తుంది. 50 దాటాక చాలామందిలో ఈ జెల్ రెటీనా నుంచి విడివడుతుంది, అది జబ్బేమీ కాదు. కానీ ఎక్కడైనా గట్టిగా అతుక్కుని ఉంటే రెటీనాను లాగుతుంది. చీకట్లో కంటి పక్కగా మెరుపులు కనిపించేది ఆ లాగుడు వల్లే. లాగి లాగి చింపితే, ఆ చిరుగులోంచి నీరు వెనక్కి చేరి రెటీనా ఊడిపోతుంది. కొత్తగా చుక్కలు, మెరుపులు మొదలై వచ్చిన 100 మందిలో సుమారు 10 నుంచి 15 మందికి చిరుగు దొరుకుతుంది.

మైనస్ 6 దాటిన పవర్ ఉన్నవారు వయసుతో పని లేకుండా జాగ్రత్తగా ఉండాలి. శుక్లం ఆపరేషన్ అయినవారు, కంటికి బలమైన దెబ్బ తగిలినవారు, రెండో కంట్లోనో రక్తసంబంధీకుల్లోనో రెటీనా ఊడిన చరిత్ర ఉన్నవారు కూడా అంతే. షుగర్ ఉన్నవారికి మసి రాలినట్టు, పొగ కమ్మినట్టు కనిపిస్తే అది లోపల రక్తం చిమ్మడం కావచ్చు.

నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు. జనం ఆలస్యం చేసేది ఇక్కడే. రెండు కళ్లూ తెరిచి ఉంటే ఒక కంటి లోపాన్ని రెండోది కప్పేస్తుంది కూడా. అందుకని ఒక కన్ను అరచేత్తో మూసి, తలుపు మధ్యలో చూపు నిలిపి, చట్రం నాలుగు మూలలూ కనిపిస్తున్నాయో లేదో చూడండి. తర్వాత రెండో కన్ను. ఏదో ఒక పక్క తెర దించినట్టు నల్లగా ఉంటే అర్ధరాత్రయినా బయలుదేరాల్సిందే. మధ్య చూపు పోకముందే ఆపరేషన్ జరిగితే ఫలితం బాగుంటుంది.

కళ్లజోళ్ల షాపులో కంప్యూటర్ పరీక్ష పవర్ చెబుతుంది, రెటీనా అంచుల్లోని చిరుగును చూపదు. చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దది చేసి, అంచుల దాకా చూసే డాక్టరు కావాలి. రక్తం అడ్డొస్తే కంటికి స్కానింగ్ చేస్తారు. ఆ మందు తర్వాత కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది కాబట్టి బండి మీరు నడపకండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే చెప్పండి, సొంతంగా ఆపకండి. అంతా బాగుందన్నా, చెప్పిన తేదీకి మళ్లీ చూపించుకోవాలి. సాధారణంగా 4 నుంచి 6 వారాల్లో రమ్మంటారు, ఎందుకంటే చిరుగు తర్వాత కూడా రావచ్చు.

చిరుగొక్కటే ఉంటే దాని చుట్టూ లేజర్ వేస్తారు. అతుకు గట్టిపడటానికి రెండు వారాల దాకా పడుతుంది. లేజర్ రెటీనా ఊడిపోకుండా ఆపుతుంది గానీ చుక్కల్ని తీసేయదు. వాటిని కరిగిస్తామనే చుక్కల మందులకు డబ్బు తగలేయకండి.

రెటీనా ఊడితే ఆపరేషన్‌లో కంట్లో గ్యాస్ నింపే అవకాశం ఉంది. అది పూర్తిగా పోయేదాకా విమానం ఎక్కకూడదు. పైకి వెళ్లేకొద్దీ గ్యాస్ వ్యాకోచించి కంట్లో ఒత్తిడి పెరుగుతుంది, చూపు పోవచ్చు. గ్యాస్ రకాన్ని బట్టి అది పూర్తిగా పోవడానికి రెండు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అమెరికాలో పిల్లల దగ్గరికి టికెట్ కొనుక్కున్నవారు తేదీ మార్చుకోక తప్పదు. ఘాట్ రోడ్డు ప్రయాణానికీ డాక్టర్ని అడగండి. ఈలోగా పంటికో మరోదానికో ఆపరేషన్ అవసరమైతే, కంట్లో గ్యాస్ ఉందని మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. మత్తుకు వాడే నైట్రస్ ఆక్సైడ్ కూడా ఆ గ్యాస్ బుడగను ఉబ్బిస్తుంది.