తిరిగే పైపులో గాలి కటకం

మే నెలలో విజయవాడ నుంచి గుంటూరు వస్తుంటే రోడ్డు మీద నీళ్లు నిలిచినట్టు కనిపిస్తుంది. వేడిగాలి వెలుగును వంచడమే ఆ ఎండమావి. దానినే ఒక పైపులో బంధిస్తే కటకం అవుతుంది. డిగ్రీ విద్యార్థుల కోసం నేను దీన్ని కట్టాను.

గాజు కటకం లేజర్ శక్తిని కొంచెమైనా పీల్చుకుంటుంది. శక్తి బాగా పెరిగితే పూత మాడుతుంది, గాజు పగులుతుంది. గాలి పగలదు, పాతది పోతుంటే కొత్తది వస్తూనే ఉంటుంది. 1964లో అమెరికా ఫోన్ కంపెనీ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్ వాళ్లు వెలుగును దూరాలకు నడిపించడానికి వాయు కటకాలు చేశారు. తర్వాత దక్షిణాఫ్రికాలో భౌతిక శాస్త్రవేత్త మాక్స్ మైకేలిస్ బృందం పైపును తిప్పుతూ శక్తిమంతమైన లేజర్లను ఒక చుక్కగా కేంద్రీకరించింది.

36 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, 1.4 మీటర్ల పొడవు ఉన్న అతుకులేని స్టీలు పైపు తీసుకోండి. నాది ఆటోనగర్‌లో లేత్ మీద సరిచేయించాను. "ఊగితే మీ చుక్క నిలవదు మాస్టారూ" అని మిషన్ మీది కుర్రవాడే ముందు చెప్పాడు. అది నిజం. రెండు చివర్లా బేరింగులు, బెల్టుతో మోటారు. పైపును తాకకుండా కింద హీటర్ కాయిల్, చుట్టూ రేకు తొడుగు.

ముందు మోటారు, తర్వాతే హీటర్. సెకనుకు 15 నుంచి 20 చుట్లు, గోడ వేడి 150 డిగ్రీల దాకా. వేడిగాలి గోడను అంటుకొని చివర్ల నుంచి బయటికి పోతుంది, నడిమధ్యకు చల్లగాలి లోపలికి వస్తుంది. చల్లగాలి చిక్కన, దాని వక్రీభవన గుణకం (వెలుగును ఎంత నెమ్మదింపజేస్తుందో చెప్పే కొలత) ఎక్కువ. అందుకే మధ్యలోకి వెలుగు వంగుతుంది.

లేజర్ ఒక మిల్లీవాట్ మించకూడదు, కిరణంలోకి చూడకండి. చిన్న టెలిస్కోపులో కంటి వైపు నుంచి పంపి, కిరణాన్ని పది మిల్లీమీటర్లకు వెడల్పు చేయండి. పైపు నిండా నింపితే అంచులు చెదురుతాయి. తెల్ల కాగితంతో వెతకండి. మాకు చుక్క మూడు నాలుగు మీటర్ల దగ్గర బిగిసింది. వేడి పెంచితే దగ్గరికి వస్తుంది. గాజుతో ఇది సాధ్యమా!

మోటారు కొన్ని సెకన్లు ఆపి చూపించండి. వేడిగాలి పైకి చేరి, చుక్క కిందికి జారి సాగుతుంది. తిప్పడమే వేడిగాలిని చుట్టూ సమంగా ఉంచుతోందన్న అసలు సంగతి పిల్లలకు అక్కడే తెలుస్తుంది.

ఫ్యాన్లు ఆపాలి. రోహిణి కార్తెలో గది గాలే పలచన కాబట్టి చుక్క దూరం జరుగుతుంది. నేను డిసెంబరు ఉదయాలే ఎంచుకుంటాను.

పని అయ్యాక ముందు హీటర్ ఆపండి. పైపు చల్లబడేదాకా మోటారు తిరుగుతూనే ఉండాలి, లేకపోతే ఒకవైపు వేడికి పైపు వంగిపోతుంది.