ఇంట్లోనే బీజగణితం – 6వ భాగం: ప్రతిక్షేపణ పద్ధతి

గత భాగంలో ఈ రెండు సమీకరణాలకు గ్రాఫ్ గీశాం:

3యా + కా = 7 … (1)
4యా − 2కా = 3 … (2)

గీతలు కలిసిన చోటు గళ్ల మధ్యలో పడింది. యా విలువ ఒకరికి 1.6 అనిపిస్తే మరొకరికి 1.8 అనిపిస్తుంది. ఈసారి కంటి అంచనాతో పని లేకుండా రాబడదాం.

(కొత్తగా చేరినవారికి: యా, కా అంటే బడిలో రాసే ఎక్స్, వైలే. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తెలియని రాశులను యావత్తావత్, కాలక అని పిలిచి, ఇలాగే పొట్టి అక్షరాలతో రాశాడు.)

ముందుగా, ఏ అక్షరాన్ని విడదీయాలి? గుణకం 1 ఉన్నదాన్ని. (1)లో కా ఒంటరిగా ఉంది కాబట్టి కా = 7 − 3యా. యాని విడదీసినా తప్పు కాదు కానీ, కింద 3తో భిన్నం వచ్చి చివరిదాకా వెంటపడుతుంది.

ఇప్పుడు కా ఉన్నచోట 7 − 3యా పెట్టాలి, అదీ (2)లో. మళ్లీ (1)లోనే పెడితే 7 = 7 అని వస్తుంది. అది నిజమే, కానీ దానివల్ల కొత్తగా తెలిసేదేమీ లేదు.

4యా − 2(7 − 3యా) = 3
4యా − 14 + 6యా = 3
10యా = 17
యా = 1.7, కా = 7 − 5.1 = 1.9

రెండో వరుస దగ్గర కాస్త ఆగండి. ఎక్కువ మంది తప్పులో కాలేసేది ఇక్కడే. బ్రాకెట్ ముందున్న −2 లోపలి రెండు పదాలనూ గుణించాలి. −2, −3యా కలిస్తే +6యా. హడావుడిలో −6యా అని రాశారనుకోండి, యా = −8.5, కా = 32.5 వస్తాయి. వీటిని (1)లో వేసి చూడండి: −25.5 + 32.5 = 7. చక్కగా సరిపోయింది! కా విలువ (1) నుంచే తెచ్చాం కదా, అక్కడ సరిపోక ఏం చేస్తుంది? (2)లో వేస్తే −34 − 65 = −99; రావాల్సింది 3. దొంగ దొరికాడు. అందుకే అక్షరాన్ని విడదీసిన సమీకరణంలో సరిచూసి ఆగిపోకండి, మిగిలినదానిలోనూ తప్పక వేసి చూడండి. మన జవాబుకైతే 6.8 − 3.8 = 3.

అభ్యాసం:

అ) యా + 4కా = 9, 3యా − 2కా = −1 (జవాబు: యా = 1, కా = 2)

ఆ) యా − 2కా = 4, 3యా − 6కా = 5

రెండోదానికి జవాబు ఇవ్వడం లేదు. చేస్తూ పోతే రెండు అక్షరాలూ మాయమై 12 = 5 అని మిగులుతుంది. లెక్క తప్పిందని టెన్షన్ పడకండి, గ్రాఫ్ గీసి చూడండి. ఏడో భాగం ఆ గ్రాఫ్‌తోనే మొదలవుతుంది.