ట్రెడ్‌మిల్ మీద 18 స్పీడ్, గ్రౌండ్‌లో ఫెయిల్: తేడా ఎక్కడ కొడుతోంది?

ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ ఉద్యోగానికి పెట్టే శారీరక పరీక్షల్లో, అంటే ఈవెంట్స్‌లో, 100 మీటర్ల పరుగు మగవాళ్ళు 15 సెకన్లలో, ఆడవాళ్ళు 18 సెకన్లలో పూర్తి చేయాలి. జిమ్‌లో నెలల తరబడి పరిగెత్తి, తీరా గ్రౌండ్‌లో దిగాక ఎదురయ్యే తిప్పలు ఇవి.

సమస్య: మెషీన్ మీద గంటకు 18 కిలోమీటర్ల స్పీడ్‌లో అలవోకగా పరిగెడతాను. ట్రాక్ మీద 17 సెకన్లు పడుతోంది.

ముందు లెక్క చూడండి. 15 సెకన్లలో 100 మీటర్లంటే సగటున గంటకు 24 కిలోమీటర్లు. మామూలు జిమ్ ట్రెడ్‌మిల్ 16 నుంచి 20 దగ్గరే ఆగిపోతుంది. పైగా నిలబడ్డ చోటు నుంచి మొదలవుతాం కాబట్టి, మధ్యలో 24 కంటే బాగా వేగంగా పోవాలి. అంటే ఇన్నాళ్ళూ పరీక్షకి కావలసిన వేగంలో మీరు ఒక్కసారి కూడా పరిగెత్తలేదన్నమాట.

అసలు చిక్కు స్టార్టింగ్‌లో ఉంది. బెల్ట్ మీద ఒళ్ళు నిటారుగా పెట్టి, దాని వేగానికి కాళ్ళు కలుపుతాం. గ్రౌండ్‌లో విజిల్ పడగానే మన బరువుని మనమే ముందుకి తోసుకోవాలి. అలవాటు లేనివాళ్ళు మొదటి అడుగుకే లేచిపోయి, కాలు బారుగా చాచి వేస్తారు. మడమ నేలని తన్ని బ్రేకు పడుతుంది. మట్టి గ్రౌండ్ అయితే వెనక్కి వెళ్ళి మీ అడుగుజాడలు చూడండి. మొదటి మూడింట్లో మడమ గుంట లోతుగా దిగి ఉంటే జబ్బు దొరికినట్టే.

ఏం చేయాలంటే, వారానికి రెండు రోజులు 30 మీటర్ల స్టార్ట్‌లు ఆరేసి కొట్టండి. మధ్యలో రెండు మూడు నిమిషాలు ఆగాలి. ఆయాసం తీరకుండా పరిగెత్తితే దమ్ము పెరుగుతుందేమో గానీ స్పీడ్ రాదు. తల దించి, పొట్టి అడుగులతో నేలని వెనక్కి నెట్టాలి. పది పదిహేను మీటర్లు దాటాకే ఒళ్ళు మెల్లగా లేపాలి. టైమ్ ఇంకొకరి చేత చూపించుకోండి. ఫోన్ చేతిలో పట్టుకుని పరిగెత్తి చెప్పే టైమ్ నేను నమ్మను.

సమస్య: గ్రౌండ్‌కి వచ్చిన మొదటి వారమే తొడ వెనక పట్టేసింది.

ఫుల్ స్పీడ్‌లో ముందుకి విసిరిన కాలిని నిలవరించేది తొడ వెనక కండరమే. 18లో దానికి అంత పని పడలేదు. మొదటి రెండు వారాలు 60 మీటర్లు ముప్పావు వేగంతోనే పరిగెత్తండి. మధ్యలో చురుక్కుమంటే ఆ రోజుకి ఆపేయండి. కమిలినా, కుంటాల్సి వచ్చినా గట్టిగా మర్దన చేయించకుండా ఫిజియోథెరపిస్ట్‌కి చూపించండి.

సమస్య: మోకాలి కింద ముందు ఎముక నొప్పి.

సిమెంట్ రోడ్డు మీద స్ప్రింట్లు మానేయండి. తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

మరి జిమ్ మానేయాలా?

అక్కర్లేదు. ఈవెంట్స్‌లోనే ఉండే 1600 మీటర్ల పరుగు మగవాళ్ళకి 8 నిమిషాల్లో అంటే గంటకు 12 కిలోమీటర్లే, మెషీన్ హాయిగా ఇస్తుంది. 1 శాతం ఎత్తు పెడితే ఎదురుగాలి లేని లోటు కొంత తీరుతుంది. వానకి గ్రౌండ్ బురదైన రోజు అదే దిక్కు. కదిలే బెల్ట్ మీదకి దూకే వీడియోల జోలికి మాత్రం పోకండి.