మోడలర్‌కి పవర్ ఆంప్ పెడల్ తగిలించే ముందు

మోడలర్ అంటే రకరకాల గిటార్ ఆంప్‌ల సౌండ్‌ని డిజిటల్‌గా అనుకరించే పరికరం. దాని సిగ్నల్‌ని స్పీకర్ పెట్టెకి, అంటే క్యాబినెట్‌కి సరిపడా పెంచేది పవర్ ఆంప్ పెడల్. ముందు క్యాబినెట్ వెనక రాసిన ఓమ్స్ (కరెంటుకి స్పీకర్ ఇచ్చే నిరోధం), వాట్లు చదవండి. పెడల్ మీద ‘కనీసం 8 ఓమ్స్’ అని ఉంటే 4 ఓమ్స్ క్యాబినెట్ తగిలించకూడదు. రెండు 8 ఓమ్స్ క్యాబినెట్లను ప్యారలల్‌గా కలిపినా లోడ్ 4 ఓమ్సే అవుతుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. ఓమ్స్ తగ్గేకొద్దీ కరెంటు పెరుగుతుంది, ఆంప్ వేడెక్కి ఆగిపోతుంది, ఒక్కోసారి కాలిపోతుంది.

వాట్ల లెక్కా అంతే ముఖ్యం. సేమోర్ డంకన్ పవర్‌స్టేజ్ 170 పెడల్ 170 వాట్లు ఇచ్చేది 4 ఓమ్స్‌కి. 8 ఓమ్స్‌కి అంత రాదు, అయినా 25 వాట్ల స్పీకర్ ఒక్కటే ఉన్న క్యాబినెట్‌కి అది ఎక్కువే. దాన్నే వాడాల్సి వస్తే వాల్యూమ్ బాగా కింద ఉంచండి, బేస్ తగ్గించండి. స్పీకర్‌లో కదిలే కోన్‌ని ఎక్కువగా ఊపేది లో ఫ్రీక్వెన్సీలే.

పెడల్ నుంచి క్యాబినెట్‌కి స్పీకర్ కేబులే వాడాలి. గిటార్ కేబుల్‌కీ అదే పావు అంగుళం ప్లగ్ ఉంటుంది కాబట్టి చీకట్లో తేడా తెలియదు. కానీ దాని లోపలి తీగ సన్నం. స్పీకర్‌కి వెళ్లే కరెంటుకి వేడెక్కుతుంది, ఇన్సులేషన్ కరిగితే షార్ట్ అవుతుంది. స్పీకర్ కేబుల్ రెండు చివర్లకీ ఎర్ర టేపు చుట్టి ఉంచండి. పెడల్ ఆన్‌లో ఉండగా ఆ ప్లగ్‌ని పీకడం, గుచ్చడం వద్దు. జాక్‌లోకి జారేటప్పుడు ప్లగ్ కొన, ఒంటి భాగం ఒక్క క్షణం కలిసిపోవచ్చు.

స్పీకర్ అవుట్‌ని మిక్సర్‌కి గానీ, ఇంకో ఆంప్ ఇన్‌పుట్‌కి గానీ ఎప్పుడూ ఇవ్వకండి. ట్యూబ్ ఆంప్, ఈ పెడల్ రెండూ ఒకే క్యాబినెట్‌కి ఒకేసారి కలిపి ఉండకూడదు. అడాప్టర్ దానితో వచ్చిందే వాడండి. 24 వోల్టుల అడాప్టర్ పొరపాటున 9 వోల్టుల పెడల్‌లో పెడితే ఆ పెడల్ పోయినట్టే.

స్విచ్‌ల వరుస: ముందు మోడలర్, చివర పవర్ ఆంప్. ఆపేటప్పుడు పవర్ ఆంపే ముందు. లేకపోతే మోడలర్ బూట్ అయ్యేటప్పటి ‘టప్’ శబ్దం నేరుగా స్పీకర్‌కి తగులుతుంది.

గిటార్ క్యాబినెట్‌కి వెళ్లే దారిలో క్యాబ్ సిమ్యులేషన్ (క్యాబినెట్ సౌండ్‌ని అనుకరించేది), ఐఆర్ (ఇంపల్స్ రెస్పాన్స్, అదే పని చేసే రికార్డు చేసిన ఫైల్) ఆపండి. సౌండ్ ముద్దగా, దుప్పటి కప్పినట్టు వస్తోందంటే అవి ఆన్‌లోనే ఉన్నాయేమో చూడండి. పీఏకి (హాలంతా వినిపించే సౌండ్ సిస్టమ్‌కి) మాత్రం ఐఆర్ ఉన్న అవుట్‌పుటే వెళ్లాలి. అందుకే ప్యాచ్‌లో (మోడలర్‌లో సేవ్ చేసుకున్న సౌండ్ సెట్టింగ్‌లో) సిగ్నల్‌ని ఐఆర్‌కి ముందే రెండు దారులుగా చీల్చుకోవడం మేలు.

మొదటిసారి పెడల్ వాల్యూమ్ సున్నాలో పెట్టి, మీ దగ్గరున్న అన్నిటికంటే గట్టి ప్యాచ్‌తో, సాధారణంగా అది లీడ్ ప్యాచే, నెమ్మదిగా పెంచండి. క్లీన్ ప్యాచ్‌తో లెవెల్ సెట్ చేస్తే, సోలోకి మారగానే వచ్చే దూకుడు స్పీకర్‌నీ చెవులనీ దెబ్బతీయవచ్చు.