తలకు దెబ్బ తగిలాక మనిషి తీరు మారితే ఏం చేయాలి

బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలిన మనిషి, ఇంటికొచ్చాక అయినదానికీ కానిదానికీ అరుస్తుంటే ముందు వినబడే మాట పొగరు. లేదంటే గాలి సోకిందంటారు. నుదుటి వెనక ఉండే మెదడు భాగమే కోపాన్ని, తొందరపాటును అదుపులో పెడుతుంది. అది దెబ్బతింటే నోటికొచ్చింది అనేయడం, చేతికందింది విసరడం మామూలే. కొందరు దీనికి పూర్తిగా ఎదురు: చెబితేగానీ స్నానం కూడా చేయరు. అది బద్ధకం కాదు. డిప్రెషనూ కాకపోవచ్చు, ఎందుకంటే చాలామందిలో దిగులు కనబడదు.

ముందు ప్రమాదం లేదని తేల్చుకోండి. తలనొప్పి పెరగడం, వాంతులు, మత్తుగా పడుకోవడం, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పడం, ఫిట్స్ ఉంటే 108కి ఫోన్ చేయండి. పెద్దవాళ్లలో, తాగుడు అలవాటున్నవాళ్లలో, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లలో వారాల తర్వాత కూడా మెదడు పైపొరల కింద రక్తం చేరవచ్చు. మొదటి స్కాన్ బాగుందని ధీమా వద్దు.

తర్వాత మాత్రల చీటీ చూడండి. ఫిట్స్ రాకుండా ఇచ్చే లెవెటిరాసిటమ్ కొందరిలో విపరీతమైన చిరాకు, దిగులు తెస్తుంది. చిరాకు మొదలైన తేదీ, మాత్ర మొదలుపెట్టిన లేదా డోసు పెంచిన తేదీ పక్కపక్కన రాసి డాక్టర్‌కు చూపించండి. మీ అంతట మీరు ఆపితే ఫిట్స్ రావచ్చు. రక్తంలో సోడియం తగ్గినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా మాట తడబడుతుంది, గందరగోళపడతారు. రక్త, మూత్ర పరీక్షలు అడగండి. నిద్ర పట్టడంలేదని మందుల షాపులో మాత్రలు కొని వేయకండి, కొన్ని ఆ గందరగోళాన్ని పెంచుతాయి.

రెండు వారాలు ఒక నోటుబుక్కు పెట్టండి. గొడవ ఎన్నింటికి జరిగింది, అంతకుముందు ఏం జరుగుతోంది, మనిషి ఏం చేశాడు, మీరేం చేశారు. ఎక్కువగా సాయంత్రం అలసిపోయాక, టీవీ మోగుతూ చుట్టాలు గుమిగూడినప్పుడే అని తేలుతుంది. పరామర్శకు వచ్చేవాళ్లను ఒకరిద్దరిగా, పావుగంటకు మించకుండా రానివ్వండి. కోపంలో ఉన్నప్పుడు వాదించొద్దు. ఒక్కరే, చిన్న మాటల్లో మాట్లాడాలి. మద్యం చుక్క ముట్టకూడదు. డాక్టర్ సరే అనేదాకా బండి తాళాలు ఇవ్వకండి.

సైకియాట్రిస్ట్ దగ్గరకు డిశ్చార్జ్ కాగితాలు, స్కాన్, మాత్రలన్నీ, ఆ నోటుబుక్కు తీసుకెళ్లండి. దెబ్బ సంగతి మొదటే చెప్పాలి: గాయపడ్డ మెదడుకు మందులు తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. చావు మాటలు వినబడితే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, మనిషిని ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులోనూ మాట్లాడతారు.